డబ్బా నాలుగు లీటర్లు, ఇంజిన్‌కు మూడే: చిన్న సెడాన్‌లో ఆయిల్ లెక్క

"అన్నా, డిజైర్‌కి ఇంజిన్ ఆయిల్ ఇవ్వు." "పెట్రోలా, డీజిలా?" స్పేర్ పార్ట్స్ షాపు కౌంటర్ దగ్గర మాట ఇంతటితో అయిపోతుంది. షాపు కుర్రాడు అరలోంచి నాలుగు లీటర్ల డబ్బా తీసి ముందు పెడతాడు. పక్కనే ఫిల్టరు, డ్రెయిన్ బోల్టుకి ఒక రాగి వాషరు. అక్కడి నుంచి షెడ్డుకి వెళ్తే మెకానిక్ పాత ఆయిల్ దింపి, ఫిల్టరు మార్చి, గరాటు పెట్టి డబ్బా మొత్తం వంచేస్తాడు. డబ్బులు పెట్టి కొన్నది, కాస్త మిగిల్చి ఏం చేసుకుంటారు అన్నది ఆయన ఆలోచన. ఆ ఇంజిన్‌కు కావలసింది 3.1 లీటర్లు. మిగతా 900 మిల్లీలీటర్లు, అంటే ఇంచుమించు ఒక మంచినీళ్ల సీసాడు ఆయిల్, ఉండకూడని చోటికి వెళ్లిపోయింది.

కాంపాక్ట్ సెడాన్‌కు ఆయిల్ ఎంత పడుతుందంటే, ఫిల్టరుతో కలిపి సుమారు 3 నుంచి 4 లీటర్లని చెప్పుకోవచ్చు. 1.2 లీటర్ కె-సిరీస్ పెట్రోల్ ఇంజిన్ ఉన్న స్విఫ్ట్ డిజైర్‌కు 3.1 లీటర్లు. అదే కారులో ఏళ్ల తరబడి వచ్చిన 1.3 లీటర్ డీజిల్‌కు 3.2 దగ్గర. ఒక మెట్టు పైన ఉండే కరోలా ఆల్టిస్ 1.8 పెట్రోల్‌కు 4.2 లీటర్లు. 2006 నుంచి 2011 దాకా వచ్చిన సివిక్ 1.8కు 3.7 లీటర్లు. చివరి రెండూ 1.8 లీటర్ల ఇంజిన్లే, అయినా అర లీటరు తేడా ఉంది. సీసీ చూసి ఆయిల్ అంచనా కట్టడం కుదరదని దీన్నిబట్టే తెలుస్తుంది. ఇంజిన్ కింద ఆయిల్ నిలవుండే చాంబర్ ఎంత లోతు, ఎంత వెడల్పు, ఆయిల్ దారులు ఎంత పొడవు అన్నవి ఏ ఇంజిన్‌కు ఆ ఇంజిన్‌గా తయారుచేసినవాళ్లు నిర్ణయించుకుంటారు.

కారు పేరు చూసి చెప్పడం కూడా కుదరదు. డిజైర్ అన్న పేరు 2008 నుంచీ ఉంది. మొదట్లో దానిలో 1.3 లీటర్ పెట్రోల్ ఇంజిన్ ఉండేది. తర్వాత 1.2 కె-సిరీస్ వచ్చింది, 2020లో డ్యుయల్‌జెట్ వచ్చింది, 2024 చివర్లో మూడు సిలిండర్ల కొత్త ఇంజిన్ వచ్చింది. పేరు ఒకటే అయినా లోపలి గుండె మూడుసార్లు మారింది, డీజిల్ వేరే. "డిజైర్‌కి ఎంత పోస్తారో నాకు తెలుసులే" అని ఎంత అనుభవం ఉన్న మెకానిక్ అన్నా, ఏ సంవత్సరం బండో ఒక్కసారి చెప్పడం మంచిది.

మన దగ్గర చిన్న సెడాన్‌లో ఆయిల్ ఇంత తక్కువ పట్టడం వెనక కొంత పన్నుల కథ కూడా ఉంది. 2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. పొడవు 4 మీటర్లు దాటకూడదు, పెట్రోల్ ఇంజిన్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకూడదు అన్నది షరతు. ఆ గీతలోపల ఇమడడం కోసమే వెనక డిక్కీ కాస్త కత్తిరించినట్టుండే సెడాన్లు పుట్టుకొచ్చాయి. 2008లో ఇండిగో సీఎస్ వచ్చింది. 2012లో డిజైర్‌ను 3995 మిల్లీమీటర్లకు కుదించారు. 2013లో అమేజ్, 2014లో ఎక్సెంట్, 2017లో టిగోర్, 2020లో ఆరా వరసగా వచ్చాయి. బానెట్ కింద చోటు తక్కువ, ఇంజిన్ చిన్నది, చాంబర్ కూడా దానికి తగ్గట్టే చిన్నది. ఇల్లంత మంది ఎక్కి, డిక్కీ నిండా సామాను వేసుకుని, ఏసీ పెట్టుకుని విజయవాడ హైవే మీద పరుగెత్తే కారు మొత్తం ఆ మూడు లీటర్ల మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ బైకుతో పోలిక పెట్టేవాళ్లు ఉంటారు. 97 సీసీ స్ప్లెండర్‌కే లీటరుకు కాస్త తక్కువ ఆయిల్ పడుతుంటే, పన్నెండు రెట్లున్న కారు ఇంజిన్‌కు మూడు లీటర్లేనా అన్నది వాళ్ల అనుమానం. బైకులో ఆ లీటరే గేరుబాక్సుకీ క్లచ్‌ప్లేట్లకీ కూడా పనిచేయాలి. కారులో గేరుబాక్సుకు వేరే ఆయిల్, వేరే గది. తేడా అక్కడుంది. ఈ తేడా చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

ఇక మాన్యువల్‌లో కనిపించే అంకెల సంగతి. కొన్ని కార్ల మాన్యువల్‌లో రెండు అంకెలు ఇస్తారు. కరోలా 1.8నే తీసుకుంటే ఫిల్టరు మారిస్తే 4.2 లీటర్లు, మార్చకపోతే 3.9. ఆ 0.3 లీటరు ఫిల్టరు తనలో దాచుకునే ఆయిల్. వీటికంటే పెద్ద మూడో అంకె ఇంకొకటి ఉంటుంది. ఇంజిన్ పూర్తిగా విప్పి, కడిగి, మళ్లీ కట్టినప్పుడు పొడిగా ఉన్న లోపలి దారులన్నీ నిండడానికి పట్టేది. మామూలు ఆయిల్ ఛేంజ్‌లో ఎంత వంచినా కొంత పాత ఆయిల్ ఆ సందుల్లోనే ఉండిపోతుంది. ఇంజిన్ విప్పి కట్టినప్పటి అంకె ఎక్కడో చదివి మామూలు సర్వీసులో అంత పోస్తే ఎక్కువైపోతుంది.

3.1 అన్న అంకె కూడా పాత ఆయిల్ సరిగ్గా దిగితేనే నిజమవుతుంది. ఉదయాన్నే చల్లగా ఉన్న ఇంజిన్ బోల్టు విప్పి, ధార కాస్త సన్నబడగానే బిగించేస్తే, లోపల రెండు మూడు వందల మిల్లీలీటర్లు మిగిలిపోవచ్చు. బండి నేల వాలుగా ఉన్న చోట నిలబెట్టినా అంతే. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు బోల్టు విప్పి, ధార పోయి చుక్కలుగా మారేదాకా ఓ పావుగంట వదిలేయాలి. రోజుకి పది బండ్లు చూసే షెడ్డులో ఆ పావుగంట ఎవరికీ ఉండదు, అక్కడే సగం తప్పులు మొదలవుతాయి.

ఆయిల్ తక్కువైతే ఏమవుతుందో చూడాలంటే అది లోపల తిరిగే దారి తెలియాలి. చాంబర్ అడుగున జాలీ ఉన్న ఒక గొట్టం నోరు ఉంటుంది. పంపు అక్కడి నుంచి ఆయిల్ లాగి ఫిల్టరులోంచి పంపిస్తుంది. అక్కడి నుంచి క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) బేరింగులకు, పిస్టన్లను దానికి కలిపే కనెక్టింగ్ రాడ్ల బేరింగులకు, పైన హెడ్‌లో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టుకు, చాలా ఇంజిన్లలో టైమింగ్ చైన్‌ను బిగించి పట్టే టెన్షనర్‌కు పోతుంది. పని చేసి, వేడెక్కి, గోడల వెంట జారి మళ్లీ చాంబర్‌లోకే వస్తుంది. ఇంజిన్ 3000 ఆర్‌పీఎం మీద ఉంటే క్రాంకు సెకనుకు 50 సార్లు తిరుగుతుంది. ఆ వేగంలో ఇనుమూ ఇనుమూ ఒరుసుకోకుండా మధ్యలో ఆపేది వెంట్రుక మందం కూడా లేని ఆయిల్ పొర. పంపు ఆగకుండా ఒత్తిడి పెడుతుంటేనే ఆ పొర నిలబడుతుంది.

మూడు లీటర్లలో ఒక లీటరు తగ్గిందనుకుందాం. సమతలం మీద తిన్నగా పోతున్నంతసేపూ ఏమీ తెలియదు, గొట్టం నోరు ఇంకా ఆయిల్‌లో మునిగే ఉంటుంది. తిరుమల ఘాట్‌లోనో శ్రీశైలం ఘాట్‌లోనో మలుపు మీద మలుపు తిరుగుతున్నప్పుడు లోపలి ఆయిల్ ఒక పక్కకు ఒరిగిపోతుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందుకు పోతుంది. ఆ క్షణాన గొట్టం నోరు బయటపడి పంపు గాలి పీలుస్తుంది. ఒక్క సెకను ఒత్తిడి పడిపోయినా, ఎక్కువ బరువు మోస్తున్న కనెక్టింగ్ రాడ్ బేరింగు మీద గీత పడొచ్చు. అలా ఎన్నిసార్లు జరిగిందో ఎవరికీ తెలియదు. ఆరు నెలల తర్వాత ఇంజిన్‌లోంచి టకటకమని చప్పుడు మొదలైనప్పుడు మాత్రం "మొన్నటిదాకా బాగానే ఉందే" అంటారు.

ఉన్న ఆయిల్ తగ్గినకొద్దీ మిగిలినదాని మీద భారం పెరుగుతుందన్నది ఇంకో సంగతి. పిస్టన్ల అడుగునుంచి వేడిని కొంత మోసుకొచ్చేది ఆయిలే. కాలిన మసినీ, ఆమ్లాలనీ తనలో కలుపుకుని పట్టి ఉంచేది కూడా అదే. మూడు లీటర్లు చేయాల్సిన పని రెండు లీటర్లు చేస్తే అది తొందరగా వేడెక్కుతుంది, తొందరగా నల్లబడి చిక్కబడుతుంది. పెద్ద ఎస్‌యూవీలో ఆరేడు లీటర్లుంటాయి, అర లీటరు తగ్గితే ఆ ఇంజిన్ ఓర్చుకోగలదు. చిన్న సెడాన్‌లో అర లీటరంటే ఉన్నదాంట్లో ఆరో వంతు.

డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి నూనెకుండీ బొమ్మ ఉంది కదా, తగ్గితే అదే వెలుగుతుందిలే అన్న ధీమా చాలా ప్రమాదకరం. ఎక్కువ కార్లలో ఆ దీపం ఆయిల్ ఎంత ఉందో చెప్పదు. ఒత్తిడి పడిపోయిందని చెబుతుంది. అది వెలిగేసరికి పంపుకు ఆయిల్ అందడం లేదన్నమాట, అంటే నష్టం అప్పటికే మొదలైంది. మలుపులో ఒక్కసారి మినుకుమని ఆరిపోయినా సరే, బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. ఇంకో ఐదు కిలోమీటర్లలో బంకు ఉంది, అక్కడిదాకా పోదాం అనుకున్న ఆ ఐదు కిలోమీటర్లలోనే ఇంజిన్లు సీజ్ అవుతాయి.

తక్కువైతే చెడు అని అందరికీ తెలుసు. ఎక్కువైతే చెడు అంటే మాత్రం నమ్మరు. "ఎక్కువుంటే మంచిదేగా, వేసవిలో కాస్త ఆదుకుంటుంది" అనే మాట షెడ్డుల్లో మామూలే. చాంబర్‌లో ఆయిల్ మట్టానికి పైన కొంత ఖాళీ కావాలనే వదిలారు. క్రాంకుకు ఉన్న బరువు ముక్కలు ఆ ఖాళీలో గిరగిరా తిరుగుతుంటాయి. మట్టం పైకి వస్తే అవి ఆయిల్‌ను కొడతాయి, కవ్వంతో మజ్జిగ చిలికినట్టు చిలుకుతాయి. మజ్జిగ మీద నురుగు తేలినట్టే ఆయిల్ నిండా గాలి బుడగలు చేరతాయి. పంపు లాగేది అప్పుడు ఆ నురగను. గాలి కలిసిన ఆయిల్‌కు బేరింగు దగ్గర పొరగా నిలబడే శక్తి ఉండదు. విచిత్రమేమిటంటే, ఆయిల్ తక్కువైనప్పుడు ఏ బేరింగు దెబ్బతింటుందో బాగా ఎక్కువైనప్పుడూ అదే దెబ్బతింటుంది.

నష్టం అక్కడితో ఆగదు. లోపలి ఆవిరిని బయటికి తీసి, ఇంజిన్ గాలి పీల్చుకునే ఇన్‌టేక్‌లోకి పంపే గొట్టం ఒకటి ఉంటుంది. ఎక్కువైన ఆయిల్ తుంపరగా ఆ దారిన ఇన్‌టేక్‌లోకి చేరి కాలిపోతుంది. సైలెన్సర్‌లోంచి నీలి పొగ, ప్లగ్గుల మీద మసి, ఎక్కువ రోజులైతే పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ పాడవడం, సీళ్ల దగ్గర చెమ్మ. డీజిల్ ఇంజిన్‌లో పరిస్థితి ఇంకా ముదిరితే, ఇన్‌టేక్‌లోకి వచ్చిన ఆయిల్‌నే ఇంధనంగా తాగుతూ తాళం తీసేసినా ఆగకుండా ఇంజిన్ గోల పెట్టే ప్రమాదం ఉంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీద పై గుర్తుకు రెండు మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చిందని టెన్షన్ పడనక్కర్లేదు. 900 మిల్లీలీటర్లు ఎక్కువైతే మాత్రం తీయించాల్సిందే. డ్రెయిన్ బోల్టు కాస్త వదులు చేసి దింపొచ్చు, లేదా డిప్‌స్టిక్ గొట్టంలోంచి సన్నటి పైపు దించి పెద్ద సిరంజితో లాగొచ్చు. పది నిమిషాల పని.

ఆయిల్ పోయకుండానే మట్టం పెరిగే సందర్భం కూడా ఉంది. బీఎస్-6 కాలుష్య నిబంధనలకు తగ్గట్టు చేసిన డీజిల్ కార్లలో పొగమసిని పట్టే ఫిల్టరును శుభ్రం చేసుకోవడానికి ఇంజిన్ అప్పుడప్పుడు అదనంగా డీజిల్ చల్లుకుంటుంది. ఊళ్లో చిన్న చిన్న దూరాలే తిరుగుతూ ఆ పని మధ్యలో ఆగిపోతుంటే, కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. చలి దేశాల్లో కొన్ని టర్బో పెట్రోల్ ఇంజిన్లదీ ఇదే సమస్య. హోండా 1.5 టర్బో విషయంలో 2018 ప్రాంతంలో చైనాలోనూ ఉత్తర అమెరికాలోనూ ఇది పెద్ద గొడవే అయింది. డిప్‌స్టిక్ తీసి చూస్తే మట్టం పెరిగి, ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసనో పెట్రోల్ వాసనో వస్తే అది లాభం కాదు. ఆయిల్ పలచబడిందని, మార్చేయాలని అర్థం.

అమెరికాలో చదువుకి వెళ్లిన మనవాళ్లు మొదట కొనే సెకండ్ హ్యాండ్ కార్లలో కరోలా, సివిక్ ముందుంటాయి. అక్కడ లెక్క లీటర్లలో ఉండదు, క్వార్టుల్లో ఉంటుంది. ఒక క్వార్టు అంటే 946 మిల్లీలీటర్లు. స్టోర్‌లో చవగ్గా దొరికేది ఐదు క్వార్టుల జగ్గు, అంటే 4.7 లీటర్లు. కరోలా 1.8కు కావలసింది 4.4 క్వార్టులు, పాత సివిక్ 1.8కు 3.9. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో స్నేహితుడి సాయంతో సొంతంగా ఆయిల్ మార్చుకునేవాళ్లు జగ్గు మొత్తం పోస్తే, ఇక్కడి నాలుగు లీటర్ల డబ్బా పొరపాటే అక్కడా జరుగుతుంది. సివిక్‌లో అయితే ఒక క్వార్టుకు పైనే ఎక్కువవుతుంది. ఆ జగ్గు పక్కన పారదర్శకంగా ఉన్న గీత మీద క్వార్టుల గుర్తులుంటాయి, వాటిని చూస్తూ పోయడం చాలా తేలిక.

ఇన్ని అంకెల తర్వాత చివరి తీర్పు ఇచ్చేది డిప్‌స్టిక్కే. చూడడం ఎలాగో సరిగ్గా తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి కొంచెం నింపాదిగా చెప్పుకోవాలి. ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, సమతలంగా ఉన్న చోట ఆపి, తాళం తీసి ఐదు నిమిషాలు ఆగాలి. పైకి వెళ్లిన ఆయిల్ కిందికి దిగడానికి ఆ సమయం కావాలి. వెంటనే తీస్తే తక్కువ చూపిస్తుంది, అది చూసి ఇంకొంచెం పోస్తారు. మొదటిసారి బయటికి తీసిన పుల్ల మీద గీత నమ్మకూడదు, గొట్టం గోడలకు అంటిన ఆయిల్ పైదాకా పూసుకుని ఉంటుంది. బనియన్ గుడ్డతో శుభ్రంగా తుడిచి, మళ్లీ చివరిదాకా దించి, నెమ్మదిగా తీసి, కొస కిందికే ఉండేలా పట్టుకుని చూడాలి. కొసను పైకెత్తితే ఆయిల్ వెనక్కి పారి లెక్క తప్పుతుంది. రెండు వైపులా చూసి, తక్కువగా కనిపించిన వైపే లెక్కలోకి తీసుకోవాలి. కొత్త ఆయిల్ తేనె రంగులో అంత పలచగా ఉంటుంది, దాని అంచు కనిపెట్టడానికి పుల్లను వెలుతురుకు అడ్డంగా తిప్పాల్సి వస్తుంది.

ఆ కొస మీద రెండు చుక్కలో, గీతలో, చిల్లులో ఉంటాయి. చాలా కార్లలో ఆ రెంటి మధ్య దూరం దాదాపు లీటరు, కొన్ని చిన్న ఇంజిన్లలో అంతకంటే తక్కువ. మధ్యలో ఉందంటే అర లీటరు తగ్గినట్టు. వేడిగా ఉన్నప్పుడూ చల్లగా ఉన్నప్పుడూ తేడా రావడం సహజం. 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వేడెక్కితే ఆయిల్ సుమారు 4 శాతం ఉబ్బుతుంది, మూడు లీటర్ల మీద అది 130 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. అందుకే ప్రతిసారీ ఒకే పద్ధతిలో చూడాలి.

కొత్త ఆయిల్ పోసేటప్పుడు ఇంకో జాగ్రత్త. 3.1 లీటర్ల ఇంజిన్ అయితే మొదట 2.8 పోసి, ఇంజిన్ ఒకటి రెండు నిమిషాలు నడపాలి. ఖాళీగా ఉన్న ఫిల్టరు నిండుతుంది. ఆపి, ఐదు నిమిషాలాగి, పుల్ల చూసి, మిగతాది కొంచెం కొంచెంగా పోసుకుంటూ పై గుర్తుకు కాస్త కిందుగా ఆపాలి. ఎక్కువైంది తీయడం కంటే తక్కువైంది పోయడం ఎప్పుడూ తేలిక.

గ్రేడు, అంటే ఆయిల్ ఎంత పలచన, ఎంత చిక్కన అన్న విషయానికి వస్తే, మాన్యువల్‌లో 0డబ్ల్యూ-16 అనో 0డబ్ల్యూ-20 అనో ఉంటే అదే పోయాలి. రెంటచింతల ఎండలకు ఇంత పలచటి ఆయిలా అని భయపడి 20డబ్ల్యూ-50 పోయించేవాళ్లున్నారు. బయట 45 డిగ్రీలున్నా, చలికాలంలో 15 ఉన్నా, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ వల్ల ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు ఇంచుమించు 90 డిగ్రీల దగ్గరే ఉంటాయి. ఇంజిన్ లోపలి సందులు ఆ పలచటి ఆయిల్‌కు తగ్గట్టే చేసి ఉంటాయి.

సర్వీసు రోజు ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: దిగిన పాత ఆయిల్ ఎంత? పోయినసారి 3.1 పోసి, 10,000 కిలోమీటర్ల తర్వాత 2.9 దిగితే ఆ ఇంజిన్ ఆరోగ్యంగా ఉంది. 2.2 మాత్రమే దిగితే లీటరుకు దగ్గర ఎటో పోయింది. కింద మరక లేకపోతే కాలిపోయిందన్నమాటే, పిస్టన్ రింగులో వాల్వు సీళ్లో అరుగుతున్నాయి. కొలిచే డబ్బా ఒకటి పెడితే చాలు, ఏ స్కానరూ లేకుండా ఇంజిన్ బతుకు తెలుస్తుంది. కాస్త కాల్చడం తప్పు కాదు. కరోలా మాన్యువల్‌లోనే గరిష్ఠంగా 1000 కిలోమీటర్లకు లీటరు దాకా అని రాసి ఉంటుంది. ఆ హద్దు ఎంత ఉదారమైనదో చూడండి: అంత తాగే ఇంజిన్‌ను సర్వీసు నుంచి సర్వీసు దాకా బానెట్ ఎత్తకుండా నడిపితే మధ్యలోనే చాంబర్ ఎండిపోతుంది. రోజుకు 250 కిలోమీటర్లు తిరిగే క్యాబ్‌కు 10,000 కిలోమీటర్లు నలభై రోజుల్లో అయిపోతాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టు ట్రిప్పులు కొట్టే పాత డీజిల్ డిజైర్ నడిపే డ్రైవర్ వారానికోసారి పొద్దున్నే పుల్ల తీసి చూసుకోవడం మీదే అతని ఇంటి ఆదాయం నిలబడి ఉంటుంది.

ఇక బిల్లు. ఇంజిన్‌లో 3.1 పోసి, కాగితం మీద 4 లీటర్లు వేస్తే, మిగతా 900 మిల్లీలీటర్లు కారు యజమానివి. అడిగి తీసుకోవాలి. మార్కెట్లో 3 లీటర్లు, 3.5 లీటర్ల డబ్బాలు కూడా దొరుకుతాయి, విడిగా లీటరు, అర లీటరు సీసాలూ ఉంటాయి. మిగిలినది ఇంటికి తెచ్చి బైకులో పోసేయడం మాత్రం తప్పు. కారు కోసం చేసిన పలచటి ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలిపి ఉంటాయి. బైకులో క్లచ్‌ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి కాబట్టి అవి జారడం మొదలుపెడతాయి. ఆ సీసా మూత గట్టిగా బిగించి, దాని మీద గ్రేడు, తేదీ, అప్పటి కిలోమీటర్లు మార్కర్‌తో రాసి, డిక్కీలో స్టెప్నీ పక్కన నిలువుగా పెట్టుకుంటే, ఘాట్ ఎక్కే ముందు పుల్ల కింది గుర్తు దగ్గర కనిపించిన రోజున పోసుకోవడానికి చేతికి అందుతుంది.